నమ్మకం, నేర నిర్ధారణ: ఒక మాట, రెండు కొలతలు

1. ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- 'కన్విక్షన్' అనే మాటకు ఉన్న రెండు అర్థాలను వేరుచేసి చెప్పగలుగుతారు.
- వ్యక్తిగత విశ్వాసానికి, న్యాయస్థానం చేసే నిర్ధారణకు మధ్య ఉన్న తేడాను వివరించగలుగుతారు.
- నమ్మకం ఎంత బలమైనదైనా అది రుజువు ఎందుకు కాదో ఒక కేసు ఆధారంగా చెప్పగలుగుతారు.

2. పరిచయం

శ్రీ సత్యసాయి జిల్లా నంబులపూలకుంట మండలంలోని గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాదాపు ఐదు ఎకరాల మేర ఊడలు దించిన ఈ చెట్టు 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. 1434లో తిమ్మమ్మ అనే ఆమె భర్త చితిపై సహగమనం చేసిందనీ, ఆ చితికి నాటిన గుంజ చిగురించి ఈ మాను అయిందనీ స్థానిక కథనం. సంతానం లేని దంపతులు ఇక్కడ మొక్కుకొంటే పిల్లలు పుడతారని చాలామంది నమ్ముతారు.

మొక్కుకోవడానికి వచ్చిన వారిని ఎవరూ సాక్ష్యం అడగరు, అడగాల్సిన పనీ లేదు. రాజ్యాంగం 25వ అధికరణ ప్రతి వ్యక్తికీ అంతరాత్మ స్వేచ్ఛను ఇచ్చింది. అయితే నమ్మకానికి ఉన్న స్వేచ్ఛ ఆ నమ్మకం పేరుతో చేసే ప్రతి పనికీ ఉండదు. ఆ స్వేచ్ఛ ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటుందని ఆ అధికరణే చెబుతుంది. సహగమనాన్నే తీసుకోండి. బెంగాల్ ప్రెసిడెన్సీలో 1829లోనే దాన్ని నిషేధించారు. 1987లో దేశమంతటికీ ప్రత్యేక చట్టం వచ్చింది.

ఇప్పుడు ఇదే మండలంలో ఒక రైతు బోరు మోటారు కేబుల్ పోయిందని ఊహించుకోండి. ఎవరు కోసుకుపోయారో ఊరంతా ఒకే పేరు చెబుతుంది. ఆ రైతుకైతే ఏ అనుమానమూ లేదు. ఆ మాట మీదనే ఆ మనిషిని జైలుకు పంపవచ్చా? ఈ భాగంలో చర్చించేది ఈ ప్రశ్ననే.

3. ఒక మాట, రెండు అర్థాలు

ఇంగ్లీషులో 'కన్విక్షన్' అంటే దృఢ విశ్వాసం. నిందితుణ్ణి దోషిగా నిర్ధారించడాన్ని కూడా ఆ మాటతోనే చెబుతారు. తెలుగులో ఈ రెంటికీ వేరువేరు మాటలు ఉన్నాయి. మొదటిదాన్ని 'గట్టి నమ్మకం' అంటాం. రెండోదాన్ని 'నేరం రుజువైంది', 'దోషిగా తేలాడు' అని చెబుతాం. వాడుకలో 'శిక్ష పడింది' అని కూడా అంటారు కాని, దోష నిర్ధారణ, శిక్ష విధింపు రెండు వేరు దశలని మీరు గుర్తుంచుకోవాలి. సెషన్స్ కోర్టు ముందు నిందితుణ్ణి దోషిగా నిర్ధారిస్తుంది. ఆ తరవాత శిక్ష విషయంలో అతని వాదన విని, అప్పుడు శిక్ష ఖరారు చేస్తుంది.

మరి న్యాయమూర్తి కూడా నమ్మే కదా తీర్పు చెబుతాడు? ఈ సందేహం సరైనదే. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 'రుజువైంది' అనే మాటను నిర్వచిస్తూ కోర్టు 'నమ్మడం' గురించే చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ నిర్వచనాన్ని కొనసాగించింది. కాని ఆ నమ్మకం కోర్టు ముందుకు వచ్చిన అంశాలను పరిశీలించడం వల్ల ఏర్పడాలి. ఊరి మాట, పత్రికల కథనం, న్యాయమూర్తి సొంత ఊహ అందులో చేరకూడదు.

4. కోర్టు నమ్మకానికి ఉన్న కట్టుబాట్లు

(అ) రుజువు భారం: నేరం రుజువు చేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్‌ది. రుజువయ్యేవరకు నిందితుడు నిర్దోషి కిందే లెక్క.

(ఆ) కొలత: నేరం సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. 'నేరం చేసి ఉండవచ్చు' అనడానికీ, 'చేసే ఉండాలి' అనడానికీ మధ్య చాలా దూరం ఉందనీ, ఆ దూరాన్ని సాక్ష్యంతోనే దాటాలనీ 1957లో సర్వణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. అనుమానం ఎంత బలమైనదైనా రుజువు స్థానంలో నిలవదని 1984లో శరద్ బిర్ధిచంద్ సర్దా కేసులో మరోసారి స్పష్టం చేసింది.

(ఇ) ఒప్పుకోలు: పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకొన్నాడని చెప్పి దాన్ని నిందితుడిపై రుజువుగా వాడకూడదు. ఆ సమాచారం వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత మేరకే ఆ మాటలు చెల్లుతాయి. దర్యాప్తు చేసేవారి గట్టి నమ్మకమే సాక్ష్యంగా మారిపోకుండా చట్టం పెట్టిన అడ్డుకట్ట ఇది.

(ఈ) కారణాలు: తీర్పులో కారణాలు రాయాలి. కారణాలు కాగితం మీద ఉంటేనే పై కోర్టు వాటిని పరిశీలించగలుగుతుంది.

5. ఒక కేసు పరిశీలన

2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు హాస్టల్‌లో ఒక విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. (అత్యాచార బాధితుల గుర్తింపు వెల్లడించడాన్ని చట్టం నిషేధిస్తుంది. అందుచేత ఇక్కడ పేర్లు ఇవ్వడం లేదు.) 2008లో పోలీసులు ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు అతణ్ణి దోషిగా నిర్ధారించి శిక్ష విధించింది. 2017 మార్చి 31న హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అతనికి లక్ష రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైలులో గడిపాడు.

ఈ కేసులో మీరు గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ యువకుడు అసలు దోషి కాడని హతురాలి తల్లిదండ్రులే మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. బిడ్డను పోగొట్టుకొన్నవారు నిందితుడి పక్షాన మాట్లాడటం అరుదు. ఒకవైపు దర్యాప్తు చేసినవారి నమ్మకం, మరోవైపు తల్లిదండ్రుల నమ్మకం. రెండూ గట్టివే.

హైకోర్టు తల్లిదండ్రుల నమ్మకాన్ని బట్టి అతణ్ణి విడుదల చేయలేదు. ప్రాసిక్యూషన్ తెచ్చిన సాక్ష్యం చట్టం కోరిన కొలతకు అందలేదు కాబట్టి విడుదల చేసింది. తల్లిదండ్రులు ఎదురుమాట చెప్పి ఉన్నా సాక్ష్యానికి అదే కొలత వర్తించేది. ఆ కొలత మనకు నచ్చిన ఫలితం వచ్చినప్పుడు ఒక రకంగా, నచ్చనప్పుడు మరో రకంగా ఉండదు.

ఆ తీర్పుతో కథ ముగియలేదు. అసలు దోషి ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంది. 2018లో హైకోర్టు ఈ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. తప్పుడు నిర్ధారణ వల్ల ఒక నిరపరాధి జీవితం దెబ్బతింటుంది. అంతే కాదు, అసలు దోషి కోసం వెతకడం ఆగిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ సాక్ష్యం చెదిరిపోతుంది. కాబట్టి కచ్చితమైన రుజువు కోరడం బాధితులకు వ్యతిరేకం కాదు, వారికీ అది రక్షణే.

6. రెంటికీ తేడా

వ్యక్తిగత విశ్వాసం మీ సొంతం. దానికి కారణం చెప్పకపోయినా తప్పు లేదు, మార్చుకొన్నా ఎవరూ అడగరు. కోర్టు నిర్ధారణ మరొకరి స్వేచ్ఛను తీసుకొంటుంది. అందువల్ల దానికి కారణం చూపాలి, ఎదుటివారు ప్రశ్నించే వీలుండాలి, తప్పయితే దిద్దుకొనే దారి ఉండాలి. మర్రిమాను కింద మొక్కుకొనే దంపతుల నమ్మకం వారి జీవితానికి సంబంధించినది. కేబుల్ దొంగ ఎవరన్న మన నమ్మకం మరొకరి జీవితాన్ని తాకుతుంది.

రచ్చబండ దగ్గరో, ఫోనులో వాట్సాప్ గ్రూపులోనో 'వాడే చేశాడు, నాకు తెలుసు' అనే మాట విన్నప్పుడు మీరు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఎలా తెలుసు? అది తప్పని తేలాలంటే ఏం కనిపించాలి? రెండో ప్రశ్నకు సమాధానం లేకపోతే, మీరు విన్నది నమ్మకమే కాని నిర్ధారణ కాదు.

7. సారాంశం

నమ్మకానికి బలం ముఖ్యం, నిర్ధారణకు ఆధారం ముఖ్యం. న్యాయమూర్తి కూడా నమ్మే తీర్పు చెబుతాడు. కాని ఆ నమ్మకం సాక్ష్యం నుంచి పుట్టాలి, కారణాలతో కాగితం మీదికి రావాలి, అప్పీలులో పరీక్షకు నిలవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. దోష నిర్ధారణకు, శిక్ష విధింపుకు తేడా ఏమిటి?
2. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును చట్టం రుజువుగా ఎందుకు అంగీకరించదు?
3. ఇబ్రహీంపట్నం కేసులో తల్లిదండ్రుల నమ్మకానికి, హైకోర్టు తీర్పుకు ఉన్న సంబంధాన్ని మీ సొంత మాటల్లో పది పంక్తులకు మించకుండా రాయండి.