ఏడుపు మానేసిన పిల్లలు

రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లోని శిశు సంరక్షణ కేంద్రాలకు వెళ్లిన అమెరికా శాస్త్రవేత్తలను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టింది అక్కడి నిశ్శబ్దం. గదినిండా వరసగా తొట్టి మంచాలు, వాటిలో ఏడాది రెండేళ్ల పసివాళ్లు. కొందరు పైకప్పు కేసి చూస్తూ పడుకుంటారు, కొందరు కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతుంటారు. ఏడుపు మాత్రం వినిపించదు. ఏడిస్తే ఎవరో ఒకరు వచ్చి ఎత్తుకుంటారన్న అనుభవమే లేని పిల్లలు ఇక ఏడవరు. పది పన్నెండు మందికి, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువమందికి ఒక ఆయా. తిండి, స్నానం, నిద్ర అన్నీ గడియారం ప్రకారం జరిగిపోయేవి. కడుపు నిండేది. ఒళ్లో కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పే మనిషి ఉండేది కాదు.

ఇన్ని వేలమంది పిల్లలు అక్కడికెలా చేరారన్నది రాజకీయ కథ. జనాభా పెరిగితే దేశం బలపడుతుందని నమ్మిన నియంత చౌషెస్కూ 1966లో డిక్రీ 770 తెచ్చి గర్భస్రావాలను దాదాపుగా నిషేధించాడు. పాతికేళ్లు దాటినా పిల్లల్లేనివారి మీద పన్ను వేశాడు. కన్న పిల్లల్ని సాకలేని పేదలకు ప్రభుత్వం చూపిన దారి ఒకటే: మాకు అప్పగించండి, మేం పెంచుతాం. 1989 డిసెంబరులో చౌషెస్కూ కూలిపోయేసరికి లక్షమందికి పైగా పిల్లలు ఇలాంటి కేంద్రాల్లో ఉన్నారు.

చిన్ననాటి గాయాల మీద పరిశోధనలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పెద్దవాళ్లను కూర్చోబెట్టి ‘చిన్నప్పుడు మీకేం జరిగింది’ అని అడిగి రాసుకున్నవే. జ్ఞాపకం నమ్మదగిన సాక్షి కాదు. 2019లో వెలువడిన ఒక సమీక్ష 16 అధ్యయనాల్లోని పాతిక వేలమంది వివరాలను పోల్చి చూసింది. చిన్నప్పుడు హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు అప్పట్లోనే నమోదైనవారిలో, పెద్దయ్యాక ఆ సంగతి చెప్పినవారు సగం మందే. పైగా పేదరికం, తల్లిదండ్రుల జబ్బులు, వంశపారంపర్యం అన్నీ కలగలిసి ఉంటాయి కాబట్టి ఏది దేనికి కారణమో తేల్చడం కష్టం.

బుకారెస్ట్ అధ్యయనం ఈ చిక్కుముడిని విప్పగలిగింది. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు పరిశోధకులు 2000 ప్రాంతంలో నగరంలోని ఆరు కేంద్రాల నుంచి 136 మంది పిల్లల్ని ఎంచుకున్నారు. వయసు 6 నుంచి 31 నెలలు. చీటీలు వేసినట్టు వారిని రెండు భాగాలు చేసి, 68 మందిని ఫాస్టర్ కుటుంబాలకు, అంటే దత్తత తీసుకోకుండానే తమ ఇంట ఉంచుకుని పెంచే కుటుంబాలకు, పంపారు, తక్కిన 68 మంది యథాతథంగా ఉండిపోయారు. పోలికకు సొంత ఇళ్లలో పెరుగుతున్న మరో 72 మంది పిల్లలు. అప్పటికి బుకారెస్ట్‌లో ఫాస్టర్ కేర్ అన్నదే దాదాపు లేదు. పరిశోధకులే 56 కుటుంబాలను వెతికి, జీతమిచ్చి, శిక్షణనిచ్చి ఆ ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది.

సగం మందికి ఇల్లు దొరికింది సరే, మిగతా సగం మందిని అక్కడే వదిలేయడం న్యాయమా? ఆ ప్రశ్న అప్పుడూ వచ్చింది, ఇప్పటికీ వస్తోంది. కేంద్రంలో మిగిలిన పిల్లలకు ఎక్కడ ఏ కుటుంబం దొరికినా వెంటనే పంపాలని, పరిశోధన పేరుతో ఎవరినీ ఆపకూడదని పరిశోధకులు నియమం పెట్టుకున్నారు. అలా చాలామంది తర్వాత బయటపడ్డారు కూడా. అయినా మనసు పూర్తిగా ఒప్పుకోదు. ఒక్కటి మాత్రం నిజం. ఫాస్టర్ కుటుంబాలు మేలని వాదించడం తేలిక, రుజువు చూపించగలిగింది ఈ అధ్యయనమే. 2004లో రొమేనియా చట్టం చేసి, తీవ్ర వైకల్యం ఉన్నవారిని మినహాయించి, రెండేళ్లలోపు పిల్లల్ని కేంద్రాల్లో చేర్చడం ఆపేసింది.

బుకారెస్ట్ పరిశోధకులు చేసిన పరీక్షల్లో ఒకటి చాలా చిన్నది. పిల్లవాడికి నాలుగున్నరేళ్లు. ఇంటి తలుపు చప్పుడవుతుంది. పెంచే మనిషితో కలిసి వెళ్లి తలుపు తీస్తాడు. గుమ్మంలో ఎన్నడూ చూడని మనిషి. “నాతో రా, నీకొకటి చూపిస్తా” అంటుంది. మామూలు ఇంట్లో పెరిగిన పిల్లవాడు అమ్మ వెనక్కి నక్కుతాడు, లేదా అమ్మ మొహంలోకి చూస్తాడు. కేంద్రాల్లో పెరిగిన పిల్లల్లో చెప్పుకోదగ్గంత మంది వెనక్కి తిరిగి చూడకుండా ఆమె వెంట నడిచారు. చూసేవారికి అది చలాకీతనంలా, కలుపుగోలుతనంలా కనిపిస్తుంది. నిజానికి తనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో తేడా తెలియడం లేదని దాని అర్థం.

తెలివితేటల పరీక్షల్లో వయసు కీలకమైంది. 18 నెలలు నిండకముందే కుటుంబంలోకి వెళ్లినవారికి మూడున్నరేళ్లప్పుడు సగటున 94 మార్కులు, 30 నెలలు దాటాక వెళ్లినవారికి 80. నాలుగున్నరేళ్లకు, కేంద్రాల్లో బతికిన పిల్లల్లో సగానికి పైగా ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. కుటుంబంలోకి వెళ్లిన ఆడపిల్లల్లో దిగులు, భయం తగ్గాయి, మగపిల్లల్లో ఆ తేడా కనిపించలేదు.

అసలు ఆసక్తికరమైన సంగతులు వాళ్లు పెద్దవుతుంటే బయటపడ్డాయి. పన్నెండేళ్ల ప్రాయంలో వాళ్లను పరీక్షించేవారి ముందు నిలబెట్టి మాట్లాడించారు, చిరాకు పుట్టించే ఆటలు ఆడించారు. అలాంటప్పుడు ఎవరికైనా గుండె దడదడలాడాలి, కార్టిసాల్ హార్మోన్ పెరగాలి. కేంద్రాల్లోనే ఉండిపోయిన జట్టులో ఈ స్పందనలు మందకొడిగా ఉన్నాయి. ఇది ధైర్యమేమో అనుకుంటే పొరపాటు, ప్రమాదాన్ని పసిగట్టాల్సిన యంత్రాంగమే మొద్దుబారింది. రెండేళ్లలోపు కుటుంబంలోకి వెళ్లినవారి గుండె, రక్తపోటు స్పందనలు ఇళ్లలో పెరిగిన పిల్లలకు దగ్గరగా ఉన్నాయి. కార్టిసాల్‌కు గడువు ఇంకా తక్కువ, ఏడాదిన్నర. ఎనిమిదేళ్ల నుంచి పదహారేళ్ల దాకా టీచర్లు, పెంచినవారు ఇచ్చిన వివరాలను చూస్తే, కుటుంబాల్లోకి వెళ్లిన జట్టులో మానసిక సమస్యలు కాలక్రమేణా కాస్త తగ్గుతూ వచ్చాయి. రెండో జట్టులో ఎక్కువగానే ఉండిపోయాయి. ఒకే ఇంట్లో నిలకడగా ఉన్నవారు, ఇళ్లు మారినవారికన్నా మెరుగ్గా ఉన్నారు.

బ్రిటన్‌లో మైకేల్ రటర్ మొదలుపెట్టిన మరో అధ్యయనం రొమేనియా నుంచి దత్తత వెళ్లిన 165 మంది పిల్లల్ని యౌవనం దాకా అనుసరించింది. ఆరు నెలల లోపు బయటపడ్డవారు బ్రిటన్‌లోనే దత్తతకు వెళ్లిన పిల్లలతో దాదాపు సమానంగా ఎదిగారు. అంతకన్నా ఎక్కువకాలం కేంద్రాల్లో ఉన్నవారిలో ఆశ్చర్యపరిచే సంగతి ఒకటి కనిపించింది. తెలివితేటల్లో వెనకబాటు పెద్దయ్యేసరికి సర్దుకుంది. బాల్యంలో పెద్దగా జాడలేని ఆందోళన, కుంగుబాటు మాత్రం కౌమారం చివర్లో పైకి తేలాయి. మంచి ఇల్లు, ప్రేమించే తల్లిదండ్రులు, పదిహేనేళ్ల పైచిలుకు ఎడం... అయినా! స్కాన్లలో వాళ్ల మెదడు సగటు పరిమాణం, బ్రిటన్‌లోనే దత్తతకు వెళ్లినవారితో పోలిస్తే, 8.6 శాతం తక్కువగా తేలింది. అదే గుంపులో ఐదింట ఒకరు ఏ సమస్యా లేకుండా ఎదిగారు కూడా. ఎలా నిలదొక్కుకున్నారన్నది నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

కౌమారంలోనే ఎందుకు? ఆ వయసులో మెదడు మరోసారి పెద్దఎత్తున తనను తాను సవరించుకుంటుంది, వాడుకలో లేని అనుసంధానాలను కత్తిరించేస్తుంది. అదే సమయంలో స్నేహాలు, పరీక్షలు, ప్రేమలు, అవమానాలు కొత్తగా మీద పడతాయి. ఇందులో ఆశ కూడా ఉంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మెగన్ గునార్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అనాథాశ్రమాల నుంచి దత్తత వచ్చిన పిల్లల్లో మొద్దుబారిన కార్టిసాల్ స్పందన యుక్తవయసు ముదిరేకొద్దీ మామూలు స్థాయికి చేరుకుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మనం తేల్చేసే వయసులో శరీరం మళ్లీ ఒకసారి వంగుతోంది.

‘పసిపిల్లలకేం గుర్తుంటుంది, మర్చిపోతారులే’ అన్న మాటకు మాత్రం ఇక విలువ లేదు. గుర్తుండాల్సిన అవసరమే లేదు, హార్మోన్లు, నరాలు లెక్క రాసి పెట్టుకుంటాయి. అలాగని పిల్లల్ని క్రెష్‌లో వదిలి ఉద్యోగానికి వెళ్లే తల్లులు ఇది చదివి బెంబేలు పడనక్కర్లేదు. ఇక్కడ చెప్పుకున్నది రోజుకు కొన్ని గంటల ఎడబాటు కాదు, నెలలు సంవత్సరాల తరబడి ఆలనాపాలనా లేకపోవడం.

మన జువెనైల్ జస్టిస్ చట్టం (2015) కూడా పిల్లల్ని కేంద్రాల్లో ఉంచడం చిట్టచివరి మార్గం కావాలంటుంది. ఫాస్టర్ కేర్‌కు అందులో చోటుంది, మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయమూ ఉంది. అయినా మన ఊళ్లలో దత్తత గురించి తెలిసినంతగా దీని గురించి తెలియదు. ఆసక్తి ఉన్నవారు జిల్లా బాలల సంరక్షణ విభాగాన్ని అడగండి. ఆలనాపాలనా లేని పిల్లలు కనిపిస్తే 1098కు, ఇంట్లో టీనేజీ పిల్లలు దిగులుతో ముడుచుకుపోతుంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.