బోధనా మార్గదర్శకుడు - నాయకత్వం, సమస్యలు

విద్యా విధానాలు ఎన్ని మారినా వాటి మంచిచెడ్డలు తేలేది తరగతి గదిలోనే. శిక్షణ శిబిరంలో నేర్చిన నూతన పద్ధతి పాఠశాలకు చేరేసరికి మరుగున పడుతూ ఉంటుంది. అమెరికాలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే విద్యావేత్తలు 1980వ దశకం తొలినాళ్ళలో ఈ లోపాన్ని పరిశీలించి, శిక్షణానంతరం కూడా ఉపాధ్యాయునికి తరగతిలో తోడు నిలిచేవారు అవసరమని ప్రతిపాదించారు.

మన దేశంలో 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఇరుగుపొరుగు పాఠశాలలను ఒక సముదాయంగా కూర్చవలెనని సూచించింది. 1986 జాతీయ విద్యా విధానం తరువాత జిల్లా విద్యా శిక్షణ సంస్థలు వెలిశాయి. సర్వశిక్షా అభియాన్ కాలంలో కొన్ని పాఠశాలలకు ఒకరు చొప్పున క్లస్టర్ రిసోర్స్ పర్సన్ అనే ఉద్యోగి ఏర్పడినాడు. ఆ పథకం 2018లో సమగ్ర శిక్షలో లీనమైనది.

ఇతని పని ఎట్టిదో ఒక ఉదాహరణ చూడుడు. 42 నుండి 17 తీసివేయుమంటే ఒక బాలుడు 35 అని వ్రాసినాడనుకొందాము. ఒకట్ల స్థానంలో 7 నుండి 2ను తీసివేసినాడన్నమాట. నలభై మందికి పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఇది తప్పుగా మాత్రమే కనిపించవచ్చు. వెనుక బల్లపై కూర్చుని పలక చూసిన మార్గదర్శకునికి తప్పు వెనుక ఉన్న ఆలోచన కనిపిస్తుంది. పాఠం ముగిసిన పిదప అతడు ఉపాధ్యాయునితో ఏకాంతంగా మాట్లాడి, పుల్లల కట్ట విప్పి పది పుల్లలను ఒకట్లలో కలిపి చూపే పద్ధతిని సూచిస్తాడు. అవసరమైతే మరునాడు తానే ఆ పాఠం చెప్పి చూపుతాడు.

ఇతనికి అధికారం లేదు. విశ్వాసమే ఇతని బలం. తనిఖీ అధికారిగా భావించిన నాడు ఉపాధ్యాయుడు తన లోపాలను దాచుకొంటాడు. లెక్కల పట్టికలు, నివేదికలు సేకరించే భారమంతా ఇతనిపై మోపితే తరగతిలో కూర్చునే తీరిక ఉండదు. పదవి మిగులుతుంది, పని మిగలదు.

ఉర్దూ మాధ్యమ పాఠశాలలలో సమస్య మరింత జటిలం. ఆ భాష రాని మార్గదర్శకుడు హాజరుపట్టిక చూడగలడు గాని, పిల్లవాడు ఎక్కడ తడబడినాడో గ్రహించలేడు. ఉర్దూ, తెలుగు రెండింటిలోను ప్రవేశం గల మన కళాశాల విద్యార్థులు ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి, అనుభవం గడించి, ఈ బాధ్యతకు ముందుకు రావాలి. ఆ బాలుని పలక చదవగలవారి అవసరం ఆ పాఠశాలలకు ఎంతైనా ఉన్నది.