పర్వతం లేని పాటియా నుంచి కొండల దాకా

మరమగ్గాల హోరు నుంచి ఒక్కరోజు తప్పించుకోవాలనుకునే సూరత్ తెలుగువారికి డాంగ్ అడవులు దగ్గరే. అయితే వాళ్లు కొండలకు వెళ్లే దారిలోనే కొండవాళ్లు కూలి కోసం కిందికి దిగుతుంటారు.

పేరులో పర్వతం ఉంది. చుట్టుపక్కల వెతికినా చిన్న గుట్ట కూడా కనిపించదు. సూరత్ నగరమే సముద్ర మట్టానికి పట్టుమని 15 మీటర్ల ఎత్తులో లేదు. పర్వత్ అనేది ఇక్కడి పాత ఊరి పేరు. పాటియా అంటే గుజరాతీలో పలక. పెద్ద రోడ్డు మీంచి ఊళ్లోకి దారి చీలే చోట పేరు రాసి పెట్టే పలక వల్ల ఆ కూడలికే పాటియా అన్న పేరు స్థిరపడుతుంది. ఇప్పుడు అక్కడ ఊరూ లేదు, పొలాలూ లేవు. బీఆర్‌టీఎస్ బస్సులు, చీరల మూటలు మోసే టెంపోలు, అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. వానాకాలంలో ఖాడీ పొంగితే వీధుల్లోకి నీళ్లొస్తాయి.

ఈ కూడలికి, పక్కనే ఉన్న లింబాయత్‌కు తెలుగువారితో విడదీయలేని సంబంధం ఉంది. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి దశాబ్దాల కిందట వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ ప్రాంతంలో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ నడిపే పాఠశాలల్లో తెలుగు మాధ్యమానివీ ఉన్నాయి. ఆశ్వయుజం వస్తే వీధుల్లో బతుకమ్మలు వెలుస్తాయి. మిగతా రోజుల్లో మాత్రం వినిపించేది సాంచెల చప్పుడే. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. అలాంటి చోట పనిచేసేవాడికి సెలవు రోజున ఏం కావాలో చెప్పక్కర్లేదు. కాస్త నిశ్శబ్దం కావాలి, కళ్లకు కాస్త పచ్చదనం కావాలి.

బైకెక్కితే తూర్పే

నగరం నుంచి పాటియా మీదుగా వెళ్లే రోడ్డు కడోదరా, బార్డోలీ, వ్యారా దాటి సోన్‌గఢ్ చేరుతుంది. దూరం 80 కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాదు వాళ్లకు వికారాబాద్ అనంతగిరి ఎంతో, సూరత్ వాళ్లకు సోన్‌గఢ్ గుట్టలు ఇంచుమించు అంతే. తెల్లవారుజామున బైకు మీద బయలుదేరితే ఎండెక్కే లోపు కొండ మొదట్లో ఉండొచ్చు.

దారిలో మొదటి మజిలీ బార్డోలీ. 1928లో సర్దార్ పటేల్ నడిపిన శిస్తు నిరాకరణ సత్యాగ్రహంతో దేశమంతటికీ తెలిసిన పేరిది. ఇప్పుడు రోడ్డుకు రెండువైపులా చెరకు తోటలు, మధ్యమధ్యలో చక్కెర ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. వ్యారా దాటాక నేల మెల్లగా అలలు తిరుగుతుంది. చెరకు పోయి టేకు వస్తుంది.

సోన్‌గఢ్ కోట గైక్వాడ్‌ల తొలి స్థావరాల్లో ఒకటి. 18వ శతాబ్దంలో పిలాజీరావు గైక్వాడ్ దీన్ని కేంద్రంగా చేసుకున్నాకే ఆ వంశం బరోడా వరకు విస్తరించింది. కొండ పెద్దదేమీ కాదు. అలవాటు లేనివాళ్లు కూడా ఆగి ఆగి ఎక్కేయొచ్చు. పైన గోడలు కూలిపోయి ఉన్నా అక్కడి నుంచి కనిపించే దృశ్యం మాత్రం ఆపేస్తుంది. దూరంగా తాపీ నది మీద 1972లో పూర్తయిన ఉకాయ్ ఆనకట్ట జలాశయం ఉంటుంది.

చూసేవాళ్లకు అది సరస్సు. కానీ దాని అడుగున నూటికి పైగా గ్రామాల భూములున్నాయి. అక్కడి ఆదివాసీలు ఊళ్లు వదిలి వెళ్లాక నిండిన నీరది. సూరత్ తాగే నీటికి, పరిశ్రమలకు ఇదే ఆధారం. 2006 ఆగస్టులో ఇక్కడి నుంచి భారీగా నీరు వదిలినప్పుడు సూరత్‌లో ఎక్కువ భాగం మునిగింది. ఆ రోజులు చూసిన కుటుంబాలు నగరంలో ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి వాళ్లకు ఈ కోట పైనుంచి చూపు తిన్నగా తమ ఇంటి గుమ్మం దాకా వెళ్తుంది.

నడిచేవాళ్లకు అడవి

సోన్‌గఢ్ నుంచి దక్షిణంగా దిగితే డాంగ్ జిల్లా. విస్తీర్ణం 1,764 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనం 2.28 లక్షలు. వారిలో ప్రతి వందకు 94 మందికి పైగా షెడ్యూల్డ్ తెగల వారే. భిల్లులు, కొంక్ణాలు, వార్లీలు ఇక్కడి ప్రధాన తెగలు. సహ్యాద్రి కొండలు గుజరాత్‌లోకి చొచ్చుకొచ్చి మెత్తబడిన చోటు ఇది. నిట్టనిలువు కొండలు తక్కువ. టేకు, వెదురు కప్పిన వరస గుట్టలు, వాటి మధ్య పూర్ణా, అంబికా నదులు ఉంటాయి. నడకకైనా సైకిలుకైనా అనువైన నేల.

పూర్ణా అభయారణ్యంలోని మహల్, వాంస్‌దా జాతీయ ఉద్యానానికి దగ్గర్లోని కిలాద్, సూరత్ జిల్లాలోనే ఉన్న కేవ్డీ... అటవీ శాఖ విడిది కేంద్రాలు ఇలా చాలానే ఉన్నాయి. అభయారణ్యంలోకి వెళ్లాలంటే అనుమతి తప్పనిసరి. చిరుతలుండే అడవి కాబట్టి పొద్దుగూకే లోపు తిరిగి రావాలి. బైకు లేనివాళ్లకు బిలిమోరా నుంచి వఘై దాకా 63 కిలోమీటర్ల న్యారోగేజ్ రైలు మార్గం ఉంది. గైక్వాడ్ పాలకుల హయాంలో, 1913లో మొదలైన ఈ రైలు 2020లో ఆగి, మరుసటి ఏడాది మళ్లీ పట్టాలెక్కింది. దాని వేగం సైకిలు మీద వెళ్లేవాడికి కూడా అసూయ కలిగించదు. అడవిని చూడటానికి అదే సరైన వేగం.

అడవి ఊళ్లలో భోజనం నాగ్లీ రొట్టె. నాగ్లీ అంటే తెలంగాణ పల్లెల్లోని తైదలే, కోస్తా వాళ్ల రాగులే. సుబీర్ దగ్గర శబరిధామ్ కూడా తెలుగువారిని ఆపుతుంది. శబరి అనగానే భద్రాచలం వైపు చూసే మనవాళ్లకు, ఆమె రాముడికి రేగుపళ్లు పెట్టింది తమ కొండమీదేనని డాంగ్ ఆదివాసీలు నమ్మడం ముచ్చటగా ఉంటుంది.

జనం మాత్రం ఎక్కువగా సాపుతారాకే పోతారు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న ఈ వేసవి విడిదిలో సూర్యోదయానికో చోటు, సూర్యాస్తమయానికో చోటు, సరస్సులో పడవలు, తీగమార్గం అన్నీ అమర్చి పెట్టారు. వానాకాలం సెలవుల్లో ఘాట్ రోడ్డు కిక్కిరిసిపోతుంది. 2024 జూలైలో సూరత్ పర్యాటకుల బస్సు, 2025 ఫిబ్రవరిలో యాత్రికుల బస్సు ఇక్కడి లోయలో పడి ప్రాణాలు పోయాయి. మలుపుల్లో తొందర పనికిరాదని బైకర్లకు వేరే చెప్పాలా?

ఎదురొచ్చే లారీలు

దీపావళికి సూరత్ మగ్గాలు ఆగుతాయి. తెలుగు కుటుంబాలు కొన్ని సొంతూళ్లకు, కొన్ని కొండలకు బయలుదేరుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే డాంగ్ ఊళ్లు ఖాళీ అవడం మొదలవుతుంది. గిన్నెలు, దుప్పట్లు, చంటిపిల్లలతో కుటుంబాలకు కుటుంబాలు లారీలెక్కి చెరకు నరకడానికి బార్డోలీ వైపు దిగుతాయి. మళ్లీ ఎండాకాలం దాకా పొలాల గట్ల మీద ప్లాస్టిక్ పట్టాల గుడిసెలే ఇళ్లు. కోయతా అంటే చెరకు నరికే కత్తి. నరికే ఆలుమగల జంటను కలిపి లెక్కల్లో ఒక కోయతాగా రాసుకుంటారు. పాలమూరు వలసల్లో గుంపు మేస్త్రీ ఎలాంటివాడో ఇక్కడ ముకాదం అలాంటివాడు. ముందుగా బయానా ఇస్తాడు, సీజనంతా దాన్ని కూలిలో పట్టుకుంటాడు. డచ్ సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రేమన్ ఈ వ్యవస్థ గురించి 1970ల నుంచే రాశారు. సూరత్ మరమగ్గాల కార్మికుల బతుకులనూ ఆయన పరిశోధించారు. రెండూ ఒకే కథలోని అధ్యాయాలని ఆయన రచనలు చదివితే తెలుస్తుంది.

బయటివాళ్లకు ఈ కొండల మీద కన్ను కొత్త కాదు. 1842లో ఆంగ్లేయులు భిల్లు నాయకుల నుంచి టేకు అడవులను కౌలుకు తీసుకున్నారు. ఆ నాయకుల వారసులకు హోలీకి ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బార్‌లో ప్రభుత్వం ఇప్పటికీ సాలియానా ఇస్తోంది. తర్వాత ఆనకట్టల వంతు వచ్చింది. పార్-తాపీ-నర్మదా నదుల అనుసంధానం కింద డాంగ్‌లోనే చికార్, దాబ్‌దర్, కేల్వాన్ దగ్గర ఆనకట్టలు ప్రతిపాదించారు. లోయలు మునుగుతాయని ఆదివాసీలు రోడ్డెక్కారు. 2022 మేలో ఆ ప్రాజెక్టును రద్దు చేస్తున్నట్టు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. దానికి ముందు ఏడాది నవంబరులోనే డాంగ్‌ను సంపూర్ణ ప్రకృతి వ్యవసాయ జిల్లాగా గొప్పగా ప్రకటించింది కూడా ఆ ప్రభుత్వమే. అయితే ఆ వ్యవసాయం ఏడాది పొడుగునా కడుపు నింపగలిగితే లారీలు ఎందుకు దిగుతాయన్నది మిగిలే ప్రశ్న.

దీనికి కొండలు చూడటానికి వెళ్లేవాళ్లు ఏం చేయగలరు? పెద్ద పనులేం కాకపోవచ్చు. ఘాట్ ఎక్కి, ఫొటో దిగి, చెత్త పారేసి అదే సాయంత్రం దిగిపోయేవాడి డబ్బు పెట్రోలు బంకుకు, హోటలుకు పోతుంది. మహల్ లాంటి చోట ఒక రాత్రి ఆగి, ఊరివాడిని దారి చూపమని అడిగి, వాళ్లింటి తైద రొట్టె తిన్నవాడి డబ్బులో కొంతైనా ఊళ్లో మిగులుతుంది. పొట్ట చేతబట్టుకుని సొంతూరు వదిలి రావడం ఏమిటో పర్వత్ పాటియా తెలుగువాడికి ఎవరూ వివరించక్కర్లేదు.

ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణంలో బార్డోలీ దాటాక రోడ్డు పక్క చీకట్లో చిన్న చిన్న పొయ్యిలు వెలుగుతుంటాయి. పొద్దున పచ్చగా కనిపించిన కొండల వాళ్లు అక్కడ వంట చేసుకుంటుంటారు. ఇంకో అరగంటకు పాటియా వస్తుంది. సోమవారం షిఫ్టు ఎదురుచూస్తుంటుంది.