లెక్కల మాస్టారు.. తెరపై సీమ గొంతుగా ఎలా మారారు? జయప్రకాశ్ రెడ్డి నట ప్రస్థానం ఇదీ..

తెలుగు సినిమాలో రాయలసీమ యాస అనగానే చాలామందికి గుర్తొచ్చే గొంతు జయప్రకాశ్ రెడ్డిది. మీసం మెలేసి కళ్లెర్రజేస్తే హాలంతా నిశ్శబ్దం. అదే యాసలో అమాయకంగా ఓ ప్రశ్న వేస్తే నవ్వులే నవ్వులు. 2020 సెప్టెంబర్ 8న గుంటూరులో గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. అయితే ఆ గొంతు వెనుక ఏళ్ల తరబడి సాగిన నాటక సాధన ఉందన్న సంగతి కొందరికే తెలుసు.

బడిలో పాఠాలు.. స్టేజీ మీద నాటకాలు

జయప్రకాశ్ రెడ్డి స్వస్థలం అప్పటి కర్నూలు జిల్లా శిరువెళ్ల. తండ్రి పోలీసు ఉద్యోగి కావడంతో చదువు వేర్వేరు ఊళ్లలో సాగింది. తర్వాత గుంటూరులో లెక్కల టీచర్‌గా స్థిరపడ్డారు. పగలు బడి, రాత్రి రిహార్సల్స్. స్టేజీ మీద రెండో టేక్ ఉండదు. చివరి వరుసలో కూర్చున్నవాళ్లకు కూడా మాట స్పష్టంగా వినపడాలి. ఆయన డైలాగ్‌లో కనిపించే విరుపు, పట్టు అక్కడ అబ్బినవే.

సినిమాల్లోకి వచ్చి.. మళ్లీ బడికి!

ఆయన నాటకం చూసిన దర్శకుడు దాసరి నారాయణరావు నిర్మాత రామానాయుడికి పరిచయం చేశారు. అలా 1988లో వెంకటేశ్ హీరోగా వచ్చిన ‘బ్రహ్మపుత్రుడు’తో తెరంగేట్రం చేశారు. ఆ తర్వాత చిన్నాచితకా వేషాలు వచ్చాయి కానీ వాటితో ఇల్లు గడవలేదు. దీంతో సినిమాలు పక్కనపెట్టి గుంటూరు వెళ్లి మళ్లీ పాఠాలు చెప్పుకున్నారు. నాటకాన్ని మాత్రం వదల్లేదు.

మలుపు తిప్పిన సినిమా ఏది?

1997లో వచ్చిన ‘ప్రేమించుకుందాం రా’. అందులో సీమ ఫ్యాక్షనిస్టు పాత్ర దక్కింది. పుట్టింది సీమలోనే అయినా అక్కడికే పరిమితమై పెరిగిన మనిషి కాదు. అందుకే ఆ ప్రాంతానికి వెళ్లి, జనం మాట్లాడుకునే తీరును రికార్డు చేసుకుని సాధన చేశానని పలు ఇంటర్వ్యూల్లో చెప్పారు. కోస్తాలో ‘వచ్చావు’ అంటే సీమలో ‘వచ్చినావు’. తేడా ఒక్క అక్షరమే అయినా పలికే ఒరవడి వేరు. దాన్ని పట్టుకోవడంతో పాత్రకు ప్రాణం వచ్చింది. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘జయం మనదేరా’ (2000), ‘నరసింహనాయుడు’ (2001).. వరుసగా ఫ్యాక్షన్ సినిమాలు ఆయన తలుపు తట్టాయి.

విలన్ నుంచి కమెడియన్‌గా..

ఇక్కడే ఓ చిక్కు వచ్చిపడింది. ఆ సినిమాల పుణ్యమా అని సీమ యాస అంటే బాంబులు, వేటకొడవళ్లే అన్న ముద్ర పడింది. జయప్రకాశ్ రెడ్డికీ అవే వేషాలు. ఫ్యాక్షన్ కథల జోరు తగ్గితే ఆయన పనీ అయిపోయేదే. కానీ భయపెట్టిన యాసతోనే ఆయన నవ్వించడం మొదలుపెట్టారు. ‘ఎవడి గోల వాడిది’ (2005), ‘ఢీ’ (2007), ‘రెడీ’ (2008) ఇందుకు ఉదాహరణలు. జోక్ వేస్తున్నట్టు కనిపించకుండా సీరియస్‌గానే మాట్లాడటం ఆయన పద్ధతి. నవ్వు చూసేవాళ్లకు వస్తుంది, ఆయన ముఖంలో కనపడదు. 2020 సంక్రాంతికి వచ్చిన ‘సరిలేరు నీకెవ్వరు’లోనూ ఇదే తీరు.

ఒక్కడే.. ‘అలెగ్జాండర్’

సినిమాల్లో బిజీ అయ్యాక చాలామంది నటులు స్టేజీకి దూరమవుతారు. ఆయన మాత్రం ‘అలెగ్జాండర్’ అనే ఏకపాత్ర నాటకాన్ని ఊరూరా ప్రదర్శించారు. గంటన్నరకు పైగా స్టేజీ మీద ఆయన ఒక్కరే. సీమ యాస లేదు, ఫ్యాక్షన్ లేదు, అండగా నిలిచే సహనటుడూ లేడు. తెర మీద ఆయన్ను ఒకే మూసలో చూసినవాళ్లు ఆ నాటకం చూశాక ఆశ్చర్యపోయేవారు. సినిమా ఆయనకు పేరు తెచ్చింది. ఆయనలోని పూర్తి నటుడిని చూపించింది మాత్రం నాటకమే.