గండి ఏ రాష్ట్రం వార్త?

2024 జులై 18 రాత్రి అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్టకు గండి పడింది. కట్ట ఉన్నది తెలంగాణలో, ఆయకట్టు ఎక్కువగా ఆంధ్రలో. తెగిన నీళ్లు పోయి పడింది వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్ల మీద. 2014లో పోలవరం కోసం ఆంధ్రలో కలిపేదాకా ఆ మండలాలూ ఖమ్మం జిల్లావే. మరి ఈ వార్త ఏ రాష్ట్రం బులెటిన్‌లోది? గండిని తెలంగాణ వార్తల్లో, ముంపును ఆంధ్ర వార్తల్లో వేస్తే రెండుచోట్లా సగం వార్తే మిగులుతుంది. ఎగువన ఎంత వాన పడిందో, గేట్లు లేచాయో లేదో ముందుగా తెలియాల్సింది దిగువవాళ్లకి. ఇలాంటి వేళ ఇరవై నాలుగు గంటల చానెళ్లు రాష్ట్రాల వారీ షెడ్యూళ్లు పక్కనపెట్టి ఉమ్మడి ప్రసారానికి రావాలన్నది నా వాదన.

షెడ్యూళ్లు విడిపోవడంలో న్యాయం లేకపోలేదు. 2003లో వచ్చిన ఈటీవీ2 స్థానంలో విభజన తర్వాత ఈటీవీ ఆంధ్రప్రదేశ్, ఈటీవీ తెలంగాణ నిలిచాయి. దూరదర్శన్‌లోనూ 2014లోనే సప్తగిరి ఆంధ్రకు వెళ్లింది, తెలంగాణకు యాదగిరి వచ్చింది. హైదరాబాద్ మెట్రో ముచ్చట్లు చిత్తూరు రైతుకెందుకు? అయితే ఉపగ్రహ సంకేతానికి ఎల్లలు లేవు. అశ్వారావుపేట డిష్ మీదా, జంగారెడ్డిగూడెం డిష్ మీదా పడేది ఒకటే. విడగొట్టింది బులెటిన్ వార్తల వరసలో (రన్‌డౌన్‌లో), కలపాల్సిందీ అక్కడే. యాంకర్ ఒకరే, లైవ్ ఒకటే, రెండు చానెళ్లలో ఒకేసారి. కింద స్క్రోలింగ్ మాత్రం ఎవరిది వారికి: ఒకదాంట్లో ఏలూరు కంట్రోల్ రూమ్ నంబరు, ఇంకోదాంట్లో కొత్తగూడెంది.

రిమోట్ చేతిలోనే ఉందిగా, చానెల్ మార్చుకుంటే సరి అంటారు. పైన కట్ట తెగబోతోందని తెలియనివాడు ఏ చానెల్ కోసం వెతుకుతాడు? టీవీ9, ఎన్టీవీ లాంటివి రెండు రాష్ట్రాలకూ ఒకటే కదా అన్నది ఇంకో మాట. నిజమే, కానీ రోజంతా ఉమ్మడిగా ఉండే చానెల్‌లో రెండు రాజధానుల రాజకీయమే గంటలన్నీ తినేస్తుంది. ఏజెన్సీ మండలంలో వానకు దక్కేది స్క్రోలింగ్‌లో ఒక వరస. బీబీసీ 2023 ఏప్రిల్‌లో దేశీయ, అంతర్జాతీయ వార్తా చానెళ్లను ఒకటి చేసింది. బ్రిటన్‌లో పెద్ద సంఘటన జరిగితే అక్కడి ప్రేక్షకులకు వేరే ప్రసారం ఇచ్చే వీలు మాత్రం ఉంచుకుంది. వాళ్లు కలిసి ఉండి, అవసరమైతే విడిపోతారు. మనవాళ్లు విడిగా ఉండి, అవసరానికి కలవాలి. ప్రకటనల లెక్కకు ఈ కలయిక కొత్తేమీ కాదు: టీవీ ప్రేక్షకులను లెక్కించే బార్క్ రేటింగుల్లో ఏపీ, తెలంగాణ ఇప్పటికీ ఒకే మార్కెట్!

గట్టి అభ్యంతరం వేరే ఉంది. వరదొస్తే ముందు పోయేది కరెంటు. టీవీయే వెలగనప్పుడు ఉమ్మడి ప్రసారం ఎవరి కోసం? అందుకే ముంపు దృశ్యాలు వచ్చాక కలిస్తే ఉపయోగం తక్కువ. ఎగువన కుండపోత మొదలైనప్పుడే, సెట్లు ఇంకా వెలుగుతున్నప్పుడే పది నిమిషాలు కలవాలి. ఊరికి కరెంటు పోయినా, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చూసిన బంధువు ఫోన్ చేస్తాడు. ఆ పది నిమిషాల నిర్ణయం డ్యూటీలో ఉన్న డెస్క్ ఇన్‌ఛార్జి చేతిలోనే ఉండాలి. మర్నాడు పొద్దున ఎడిటర్ల మీటింగ్ దాకా ఆగితే కుదరదు. పెద్దవాగు కట్ట తెగింది రాత్రిపూట.