చదువరికి కానుక, రచయిత్రికి కథావస్తువు

మాఘమాసము మొదలు వైశాఖము వరకును గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి గ్రామములలో రెండు సందడులు జోడుగా సాగుచుండును: కల్లములలో మిరపకాయలు ఎండు సందడి ఒకటి, పందిళ్లలో వివాహముల సందడి మరియొకటి. పత్తి తీత ముగిసి, మిరప టిక్కీలు యార్డునకు చేరి, చేతిలో నాలుగు రూపాయలు ఆడు ఆ దినములలోనే బంధుమిత్రులకు కానుకలు ఇచ్చుటయు జరుగును. చీరలు, వెండి కుంకుమభరిణెలు, స్టీలు సామాను మున్నగువానిని ఎంచుటకు ఎవరికిని పెద్ద శ్రమలేదు. కాని పుచ్చుకొనువారు పుస్తకప్రియులైనచో ఇచ్చువారికి చిక్కు వచ్చును. వారికి ప్రియమైనది పుస్తకమేయని తెలియును. ఏ పుస్తకమో తెలియదు.

పుస్తకమును కానుకగా ఇచ్చువారు తమ అభిరుచిని కాక ఎదుటివారి మనస్సును ముందుగా చదివియుండవలెను. అభిమాన రచయిత గ్రంథములు చదువరి బీరువాలో ఇదివరకే ఉండును గనుక, ఆ గ్రంథములకు ఇరుగుపొరుగున నిలుచు పుస్తకమును వెదకుట మేలు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని ప్రేమించినవారికి, ఆయనను చెరసాలకు పంపిన పల్నాటి అటవీ సత్యాగ్రహపు చరిత్ర ఎంతో ప్రీతిపాత్రమగును. అట్ట ఊడి, కుట్టు వదలిన తాతలనాటి పుస్తకమునకు కాలికో బైండు చేయించి తిరిగి చేతికిచ్చుట మరియొక కానుక. చూపు మందగించిన అమ్మమ్మకు దినమున కొంతసేపు చదివి వినిపించుట వెలలేని కానుక.

పాతపుస్తకముల దుకాణములలో నిలిచి నవలల మొదటి పుటలు తిరుగవేయువారికి ఈ కానుకల చరిత్ర కంటబడుచుండును. నీలిసిరా గోధుమవర్ణమునకు తిరిగిన అక్షరములలో, ‘చి. ల. సౌ.’ అని ఆరంభించి, వివాహ శుభసమయమున మేనమామయో, చదువు చెప్పిన మాస్టరుగారో ఇచ్చినట్లు వ్రాసిన పంక్తులు కొన్నిట ఉండును. పుట అంచున పసుపు వేలిముద్రయు ఒక్కొక్కప్పుడు నిలిచియుండును. పెండ్లికూతురి పెట్టెలో పట్టుచీరల నడుమ పయనించిన ఆ నవల, అత్తవారింట ఆమె తనదని చెప్పుకొనదగిన కొద్ది వస్తువులలో ఒకటియై యుండును.

ఒకరికిచ్చిన పుస్తకము ఒక యింటిని వెలిగించును. ఊరికిచ్చిన పుస్తకములు తరములను వెలిగించును. ఈ సత్యమును చేనేతకు పేరొందిన వేటపాలెము చక్కగా గ్రహించెను. వి. వి. శ్రేష్ఠిగారి పూనికతో 1918లో అచట వెలసిన సారస్వత నికేతన గ్రంథాలయపు భవనమునకు 1929లో మహాత్మాగాంధీ శంకుస్థాపన చేసిరి. ఆయన చేతికఱ్ఱ నేటికిని అచట భద్రముగా నున్నది. నాడు గుంటూరు జిల్లాలోను, పిదప ప్రకాశములోను, నేడు బాపట్లలోను చేరిన ఆ గ్రామమునకు, జిల్లా పేరు ఎన్నిసార్లు మారినను, పాత పత్రికల సంపుటములకై పరిశోధకులు దూరప్రాంతముల నుండి వచ్చుచునేయున్నారు. గుంటూరు బృందావన్ గార్డెన్సులోని అన్నమయ్య గ్రంథాలయమును ఇట్టి త్యాగఫలమే: లంకా సూర్యనారాయణగారు జీవితకాలము ప్రీతితో కూర్చుకొన్న గ్రంథరాశి నేడు అందఱి సొత్తుగా నున్నది.

చదువరులకిచ్చిన ఈ కానుకలు చదువరులతోనే ఆగిపోవు. అవియే కొంతకాలమునకు నవలారచయితకు ముడిసరుకగును. రచయిత్రి ఒక నవల ముగించి కలము ప్రక్కన బెట్టిన పిమ్మట, తరువాత ఏమి వ్రాయవలెనను ప్రశ్న మొదటి నవలనాటికంటె కఠినమై ఎదురగును. మెప్పువచ్చిన కథనే పేర్లు మార్చి మరల వ్రాయుమని ప్రకాశకులు కోరుదురు, పాఠకులును కోరుదురు. నిరుడు మిరపకు ధర పలికినదని ఏటేట మిరపయే వేయు రైతునకు, ఊరందఱును అదే వేయుటచే ధర పడిపోవు గతియే, నిరుటి మెప్పును నమ్ముకొన్న రచయిత్రికిని పట్టును.

ఈ సీమ రచయిత్రులలో మేటియైన వాసిరెడ్డి సీతాదేవిగారు ఆ మార్గమున నడువలేదు. 1933లో చేబ్రోలులో జన్మించి, బడి చదువు బాల్యమునందే ఆగిపోగా, పిమ్మట ప్రైవేటుగా పరీక్షలకు కూర్చుండి ఎం.ఏ. వరకు చదివిన ఆమెకు పుస్తకమే పాఠశాల యయ్యెను. కష్టించి భూమి గడించిన సాంబయ్య, గొప్పింటి వరూధినిని పెండ్లాడి పట్టణపు మోజులో ఆ భూమిని కరగించిన కొడుకు వెంకటపతి, తాత చేయి పట్టుకొని తిరిగి మట్టికి చేరిన మనుమడు రవి: ఈ మూడు తరముల గాథయగు ‘మట్టిమనిషి’ గుంటూరు పల్లెల ఆర్థికచరిత్రను గుండెకు హత్తుకొనునట్లు చెప్పెను, నేషనల్ బుక్ ట్రస్టువారు దానిని పలు భారతీయ భాషలలోనికి తెచ్చిరి. ఆ కలమే ‘మరీచిక’లో దారితప్పిన యువతరమును, విప్లవోద్యమపు ఆకర్షణను చిత్రించెను. రాష్ట్ర ప్రభుత్వము 1982లో దానిని నిషేధించినను, న్యాయస్థానమున ఆ నిషేధము నిలువలేదు. అరువది ఏండ్లకు పూర్వము మద్రాసు ప్రభుత్వము ‘మాలపల్లి’ని నిషేధించినదని తలచినచో, ఈ నేలపై నిర్భయముగా వస్తువు నెన్నుకొనుట ఒక సంప్రదాయమని తోచును.

యడ్లపల్లిలో 1950లో జన్మించి, తెనాలి కళాశాలలో తెలుగు బోధించిన ఓల్గాగారి ప్రయాణము మరియొక విధమైనది. ‘స్వేచ్ఛ’ నవలలో సమకాలీన స్త్రీ జీవితమును చర్చించిన ఆమె, ‘విముక్త’ కథలలో సీతను శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలకు ఎదురుగా నిలిపి, ఆ గ్రంథమునకు 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము నందుకొనిరి. ‘గమనమే గమ్యం’ నవలకు డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ జీవితమును ఆధారము చేసికొనిరి. లక్ష్మణరావు పంతులుగారి కుమార్తెయై 1906లో గుంటూరున పుట్టి, వైద్యురాలై, 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైన ఆ మహనీయురాలి కాలమును నవలగా పునర్నిర్మించుటకు ఊహాశక్తి యొక్కటియే చాలదు. ఆనాటి పత్రికలు, స్వీయచరిత్రలు, సభల వృత్తాంతములు చేతికందవలెను. ఎవరో ఎన్నడో దాచి, గ్రంథాలయములకు ఇచ్చిన కాగితముల విలువ ఇట్టి చోటనే తెలియును.

ఇంకను వ్రాయవలసిన నవలలు ఈ మైదానమున ఎన్నియో కలవు. 1987-88లో తెల్లదోమ తాకిడికి పత్తిపైరు నాశనమై, అప్పులపాలైన రైతులు ఆ పైరునకు తెచ్చిన పురుగుమందునే త్రాగి ప్రాణములు తీసికొనిరి. వారి ఇండ్లలో మిగిలిన స్త్రీలు సేద్యమును, సంసారమును, అప్పును ఒంటిచేతితో ఎట్లు ఈదిరో చెప్పు మహానవలకు చోటున్నది. కర్నూలు పడమటి గ్రామముల నుండి పిల్లాపాపలతో మిరపకోతకు వలసవచ్చి, చేలగట్లపై గుడిసెలు వేసికొను కుటుంబముల కథ ఉన్నది. కల్లములో ముక్కునకు చెంగు చుట్టుకొని, ఎఱ్ఱకాయల నుండి తాలుకాయలను వేఱుచేయుచు, ఘాటుకు దగ్గుచు, మంటలెత్తు వ్రేళ్లతోనే సాయంకాలము బిడ్డకు అన్నము కలుపు తల్లి కథ ఉన్నది.

ఆ కథలను చేపట్టదలచిన రచయిత్రికి మనమీయగల కానుక దండయు, దుశ్శాలువయు కాదు. చిత్తునకు అమ్మబోవు అడితి చిట్టాలను, కౌలు కాగితములను, అత్తగారి ఉత్తరములను ఆపి ఆమెకు చూపవలెను. ముసలివారి వద్ద ఆమెను కూర్చుండబెట్టి మాట్లాడనీయవలెను. నవల వెలువడిన నాడు వెలయిచ్చి కొనవలెను. ఈ పెండ్లిండ్ల ఋతువులో ప్రతి కుటుంబమును ఒక పుస్తకమును నూతన దంపతులకును, మరియొక దానిని ఊరి గ్రంథాలయమునకును ఇచ్చినచో, పదేండ్లలో మన పల్లెలలో చదువరులు పెరుగుదురు. ఆ చదువరుల ఇండ్ల నుండియే తరువాతి సీతాదేవి రాగలదు.