కాడి దించాక ఏ దారి?

పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు రథం ఎంతో, పశువుల సంతా అంతే. ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి, సరిహద్దు అవతలి కర్ణాటక నుంచి రైతులు కోడెల జతలు తోలుకొస్తారు. కొనేవాడు ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. ఆ తర్వాత సుడులు, గిట్టలు, నడక. ధర మాట చివరికి వస్తుంది.

ఇంత పట్టింపుకు కారణం ఇక్కడి నేల. ఆదోని పత్తికి పేరు తెచ్చిన నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే కాలు దిగబడుతుంది. విత్తే అదను కొద్ది రోజులే. ఆలోగా గుంటక, గొర్రు ఆగకుండా సాగాలి. చురుకుదనం కోరేవాళ్లు వెనక్కి వంగిన పొడవాటి కొమ్ముల కిలారి జాతిని చూస్తారు. బరువు లాగాలంటే ఒంగోలు గిత్తే: తెల్లని ఒళ్లు, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు.

ఇలాగే కాడి కింద పెరిగిన తెల్లజాతి ఫ్రాన్స్‌లోనూ ఉంది. దాని పేరు షారొలే. పుట్టిల్లు బర్గండీలోని షారొల్ పట్టణ పరిసరాలు. 1773లో క్లోద్ మాత్యూ అనే రైతు తన మందతో నియెవ్ర్ ప్రాంతానికి తరలాక అక్కడా వేళ్లూనుకుంది. 1864లో దానికి వంశావళి పుస్తకం తెరిచారు. అప్పట్లో దుక్కికీ, పాలకూ, మాంసానికీ అదే పశువు. దుక్కి యంత్రాల చేతికి పోయాక మాంసమే ప్రధానమైంది. మూపురం ఉండదు. ముట్టె గులాబి రంగు, నడుం వెడల్పు, తొడల నిండా కండ. ఎదిగిన ఆబోతు టన్ను దాటుతుంది. దూడలు పెద్దవి కావడంతో కొన్ని ఆవులకు ఈత కష్టమవుతుంది కూడా.

ఒంగోలు జాతీ సముద్రం దాటాక అదే మాంసం దారి పట్టింది. 19వ శతాబ్దం నుంచి బ్రెజిల్ చేరిన మన పశువుల సంతతే అక్కడి నెలోర్. 1960ల తొలినాళ్లలో వెళ్లిన కరవది అనే ఆబోతు వంశం ఇప్పటికీ అక్కడ ప్రసిద్ధం. అదే దేశంలో 1940 నుంచి సావో కార్లోస్‌లో షారొలేను మన మూపురం పశువులతో కలిపి కాంచిం అనే జాతిని రూపొందించారు. ఎనిమిది పాళ్లలో ఐదు షారొలే, మూడు మూపురం రక్తం. ఫ్రాన్స్ కండ, మన పశువు ఎండను తట్టుకునే గుణం ఒకే ఒంట్లో చేరాలన్నది లెక్క.

ఎమ్మిగనూరు ప్రాంతంలో ఒంగోలు ఎద్దు దారి వేరు. దుక్కి ట్రాక్టర్‌ది అయ్యాక దాని గిరాకీ బండలాగుడు బరికి మళ్లింది. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అంటూ విభాగాలు పెట్టి పోటీలు నడుపుతారు. పేరున్న జతకు పలికే ధర ముందు సేద్యపు ఎద్దుల ధర చిన్నబోతుంది.

అయితే షారొలేకు ఉన్నలాంటి వంశావళి పుస్తకం ఆబోతుతో పాటు తల్లి ఆవునూ లెక్కలోకి తీసుకుంటుంది. బరిలో బహుమతి గిత్తకే, దాన్ని కన్న ఆవుకు కాదు. సంకరజాతి కన్నా తక్కువ పాలిచ్చే ఆ ఆవును దొడ్లో ఉంచుకున్నందుకు దూడ ధరలోనైనా నాలుగు డబ్బులు మిగిలితేనే, రైతు వచ్చే తరం కోడెలను సంతకు తోలుకురాగలడు.